తరగతి గదిలో హాస్యగేయం: ఎంపిక నుంచి పిల్లల సొంత పద్యం దాకా

ప్రాథమిక తరగతుల తెలుగు పీరియడ్‌లో హాస్యగేయానికి సాధారణంగా మిగిలేది చివరి ఐదు నిమిషాలు. పాఠం ముగిసి గంట ఇంకా కొట్టకపోతే ఉపాధ్యాయుడు ఒక గేయం పాడిస్తాడు, పిల్లలు నవ్వుతారు, ఆ నవ్వు నోట్‌బుక్కులోకి గానీ ఆలోచనలోకి గానీ చేరకముందే గంట మోగుతుంది. ఆ ఐదు నిమిషాల గేయాన్ని పూర్తి పీరియడ్ పాఠంగానూ, ఆపైన కొన్ని వారాల రచనాభ్యాసంగానూ ఎలా మలుచుకోవచ్చో ఈ మార్గదర్శి వివరిస్తుంది. రెండో తరగతి నుంచి ఐదో తరగతి దాకా బోధించేవారిని దృష్టిలో పెట్టుకొని రాసినప్పటికీ, ఇందులోని రచనాభ్యాసాలు ఆరు, ఏడు తరగతులకూ పనికివస్తాయి.

ఈ పద్ధతికంతటికీ ఆధారం ఒక్క నియమం. గేయంలో నవ్వు ఏ మాట దగ్గర పుట్టిందో పిల్లలే కనిపెట్టాలి. ఉపాధ్యాయుడు విప్పి చెప్పకూడదు. ఆ మాటను పట్టుకోవాలంటే పిల్లవాడికి దాని అర్థం తెలియాలి, ఆ చోట మామూలుగా రావలసిన మాట ఏదో తెలియాలి, అది పుస్తకంలో మాటా, ఇంట్లో మాటా, బజారు మాటా అన్న తేడా తెలియాలి, లయ ఎక్కడ ఆగిందో చెవికి అందాలి. పాఠ్యప్రణాళికలో విడివిడిగా రాసుకొనే పదజాలం, అర్థగ్రహణం, ఉచ్చారణ ఆ ఒక్క వెతుకులాటలో కలిసే జరిగిపోతాయి.

మొదటి మెట్టు: నవ్వు ఏ దారిన వస్తోందో గుర్తించడం

గేయాన్ని తరగతికి తీసుకువెళ్ళే ముందు అది ఏ రకంగా నవ్విస్తోందో ఉపాధ్యాయుడికి స్పష్టంగా తెలిసి ఉండాలి. చిన్నపిల్లలను ముందుగా నవ్వించేది ధ్వని. గబగబ, బుడబుడ, చిటపట, జరజర వంటి ధ్వన్యనుకరణ పదాలు తెలుగులో కొల్లలుగా ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని చోటు మార్చి పెట్టి, నత్త దబదబా పరుగెత్తిందనో ఏనుగు చిటుక్కున మాయమైందనో అంటే రెండో తరగతి వారికి అదే చాలు. తరువాతిది అతిశయం: తాతగారు తుమ్మితే ట్యాంక్‌బండ్ మీద నడుస్తున్నవారంతా గొడుగులు విప్పారనడం. ఇంకొకటి లోకాన్ని తలకిందులు చేయడం: చేప ఒడ్డున కూర్చొని మనిషికి గాలం వేయడం, కుందేలు మాస్టారు సింహం చేత గుంజిళ్ళు తీయించడం. మూడో తరగతి నుంచి ఈ రకం బాగా నడుస్తుంది, ఎందుకంటే లోకం మామూలుగా ఎలా ఉంటుందో అప్పటికి పిల్లలకు గట్టిగా తెలిసి ఉంటుంది.

జాతీయాన్ని అక్షరాలా తీసుకొని ఆడుకొనే గేయాలు నాలుగో తరగతి దాకా ఆగాలి. జాతీయం ముందే తెలియని పిల్లవాడికి అందులో నవ్వు కనిపించదు. గ్రాంథికపు మాట పక్కన బజారు మాట వచ్చి కూర్చున్నప్పుడు పుట్టే నవ్వు అన్నింటికన్నా సూక్ష్మమైనది. హైదరాబాదు పిల్లలు ఈ విషయంలో అదృష్టవంతులు. ఇంట్లో ఒక తెలుగు, బడి పుస్తకంలో మరో తెలుగు, వీధిలో దక్కనీ ఉర్దూ కలిసిన తెలుగు వినే చెవులకు ఆ తేడా ఎవరూ నేర్పనక్కరలేదు.

రెండో మెట్టు: ఎంపిక

ఆరు నుంచి ఎనిమిది పంక్తులు చాలు. పైకి చదివితే అర నిమిషంలో ముగియాలి, మలుపు ఒకటే ఉండాలి, పిల్లలకు తెలియని మాటలు రెండుమూడు మించకూడదు. చివర నీతి అతికించిన గేయాన్ని నేనైతే పక్కన పెడతాను. ఆరు పంక్తులు నవ్వించి ఏడో పంక్తిలో ‘కావున బాలలారా’ అని అందుకొనే గేయం పిల్లల నవ్వును తానే వెనక్కి తీసుకుంటుంది.

అంతకన్నా ముఖ్యంగా చూడవలసింది, గేయంలో నవ్వులపాలయ్యేది ఎవరన్నది. బట్టతల, లావు, నల్లని రంగు, నత్తి, మెల్లకన్ను, పేదరికం, చేసే పని, మాట్లాడే యాస మీద అల్లిన పాత గేయాలు మనకు తక్కువేమీ కావు. అవి కూడా నవ్విస్తాయి. కాని ఆ నవ్వు గేయంతో ఆగదు, ఆ పీరియడ్ తరువాత ఒక పిల్లవాడికి పేరుగా మిగిలిపోతుంది. యాస విషయంలో ఈ నగరంలో రెట్టింపు జాగ్రత్త అవసరం. ఒకే బెంచీ మీద తెలంగాణ పల్లె నుంచి వచ్చిన పిల్ల, కోస్తా నుంచి వచ్చిన పిల్లవాడు, ఇంట్లో ఉర్దూ లేదా మరాఠీ లేదా హిందీ మాట్లాడే పిల్లలు కూర్చుంటారు. ఎవరి మాటతీరూ దానికదే హాస్యం కాకూడదు. నవ్వులపాలయ్యేది జంతువో వస్తువో, అధికారం చెలాయించే పెద్దవాళ్ళో, చెబుతున్న తానో అయితే ఎవరికీ దెబ్బ తగలదు. ఉపాధ్యాయుణ్ణే ఆటపట్టించే గేయం ఒకటి మొదట్లోనే చెప్పగలిగితే తరగతి సగం గెలిచినట్టే.

గేయాల కోసం పాఠ్యపుస్తకం దాటి వెళ్ళవచ్చు. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, 1901లో నెలకొన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పాత పుస్తకాలకు ఆధారాలు. ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంట్ మీద పరిచే పాత పుస్తకాల్లో పిల్లల పత్రికల విడి సంచికలు దొరికితే వదలకూడదు. అయితే అన్నింటికన్నా పెద్ద నిధి పిల్లల ఇళ్ళలోనే ఉంది. అమ్మమ్మకో నానమ్మకో వచ్చిన ఒక తమాషా పాటను అడిగి రాసుకొని రమ్మంటే, ఒకే ఆటపాట నాలుగు జిల్లాల్లో నాలుగు రకాలుగా ఉండడం తరగతిలోనే బయటపడుతుంది.

మూడో మెట్టు: ఉపాధ్యాయుడి సన్నాహం

ఉదాహరణకు ఈ మార్గదర్శి కోసమే రాసిన ఒక గేయాన్ని తీసుకుందాం.

మేక ఎక్కెను సిటీ బస్సును
మూల సీటున ముడుచుకున్నది
టికెటు చేతికి ఇచ్చినంతనె
కరకరా నమిలేసి అన్నది:
“ఉప్పు తక్కువగుంది అన్నా!
ఇంకొకటి ఇవ్వన్న జల్దిగ!”

దీన్ని ఇంట్లో పైకి చదువుకోవాలి. మాత్ర అంటే ఒక పొట్టి అక్షరం పలకడానికి పట్టే కాలం; పొడుగు అక్షరానికి రెండు మాత్రలు. ఈ గేయం నడక మూడు, నాలుగు మాత్రలు కలిసిన మిశ్రగతి: ‘తకిట తకధిమి తకిట తకధిమి’. మొదటి పంక్తిలో ‘మేక’ మూడు, ‘ఎక్కెను’ నాలుగు, ‘సిటీ’ మూడు, ‘బస్సును’ నాలుగు మాత్రలు. నాలుగో పంక్తికి వచ్చేసరికి మాట విరుపుకూ తాళం విరుపుకూ పొత్తు తప్పుతుంది. ‘కరక, రానమి, లేసి, అన్నది’ అని తాళం మాటలను తన ఇష్టం వచ్చినట్టు కోస్తుంది. చప్పట్ల మీద చెప్పేటప్పుడు పిల్లలకు నాలుక తిరగనిది ఇక్కడే కాబట్టి ఈ పంక్తిని ముందుగానే నాలుగైదుసార్లు పలికి చూసుకోవాలి.

తరువాత ఆగవలసిన చోటు నిర్ణయించుకోవాలి. తెలుగు వాక్యంలో క్రియ చివరికి రావడం హాస్యం చెప్పేవారికి కలిసివచ్చే సంగతి: ఎవరు, ఎక్కడ, దేన్ని అన్నవన్నీ తెలిసిపోయాక కూడా ఏం జరిగిందో ఇంకా తెలియదు. ‘కరకరా’ అని ఒక్క క్షణం ఆగితే, ఏం నమలబోతోందో ఊహించిన పిల్లలు అప్పటికే సీట్ల అంచుకు వచ్చి ఉంటారు. ‘అన్నది’ తరువాత మరికాస్త పెద్ద విరామం ఉండాలి. ‘ఉప్పు తక్కువగుంది’ అన్న ఫిర్యాదును, భోజనం దగ్గర పెద్దలు అనేంత గంభీరంగా, ముఖంలో నవ్వు లేకుండా చెప్పాలి. చెప్పేవాడు ముందే నవ్వితే వినేవాడికి పని మిగలదు.

నాలుగో మెట్టు: పీరియడ్ నడిపే తీరు

‘ఇప్పుడు మనం ఒక తమాషా గేయం నేర్చుకుందాం’ అని మొదలుపెట్టకూడదు. ఆ మాట వినగానే పిల్లలు మర్యాద కోసం నవ్వడానికి సిద్ధపడతారు, ఆ నవ్వు దేనికీ పనికిరాదు. ఉపోద్ఘాతం లేకుండా, బోర్డు మీద ఏమీ రాయకుండా, పుస్తకాలు మూయించి గేయం ఒకసారి చెప్పాలి. నవ్వు వస్తే ఆగనివ్వాలి. రాకపోతే ఏమీ అనకుండా రెండోసారి చెప్పాలి. మూడోసారి తొడ మీద తాళం వేస్తూ, ప్రతి పంక్తిలో చివరి మాటను పిల్లలకు వదిలేయాలి. ఈపాటికి పది నిమిషాలు గడుస్తాయి, సగం తరగతికి గేయం నోటికి వచ్చేసి ఉంటుంది.

అప్పుడే గేయాన్ని బోర్డు మీద రాయాలి. నోటికి వచ్చిన మాటలను కంటితో చూడడం వల్ల ఒత్తులూ గుణింతాలూ ఇంకా కుదరని పిల్లలు కూడా వేలు పెట్టి చదవగలుగుతారు. ‘ఎక్కెను’, ‘ముడుచుకున్నది’, ‘ఉప్పు’, ‘తక్కువ’ వంటి ద్విత్వాక్షరాలు అర్థం తెలిసిన మాటల్లోనే ఎదురవుతాయి. 2022లో చదవడం, రాయడం, లెక్కల పునాదుల కోసం తెలంగాణ ప్రభుత్వం చేపట్టిన తొలిమెట్టు కార్యక్రమం మొదలయ్యాక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో చదవగలగడం మీద పెరిగిన దృష్టికి ఈ పది నిమిషాలు నేరుగా ఉపయోగపడతాయి. అయితే, ఒక్కొక్కరినీ నిలబెట్టి చదివించడం ఈ రోజుకు వద్దు. జంటలుగా, ఒకరు మేకగా ఒకరు కండక్టరుగా చదువుకుంటే తడబాటు ఎవరి చెవినా పడదు.

ఐదో మెట్టు: నవ్వును వెతికించడం

మిగిలిన ఇరవై నిమిషాలూ దీనికే. పాఠానికి ప్రాణం ఇక్కడే ఉంది కాబట్టి తొందరపడకూడదు. ‘మీకు నవ్వు ఎక్కడ వచ్చింది? ఆ మాట కింద గీత గీయండి’ అని మాత్రమే అడగాలి. కొందరు ‘కరకరా’ కింద, చాలామంది ‘ఉప్పు’ కింద, ఒకరిద్దరు ‘జల్దిగ’ కింద గీస్తారు. ఎవరో ఒకరు మొదటి పంక్తిలో ‘ఎక్కెను’ దగ్గరే నవ్వొచ్చిందంటారు. ఏదీ తప్పు అనకూడదు. ఎందుకని అడిగితే మొదట్లో ‘ఊరికే’ అనే జవాబు వస్తుంది. అక్కడ మాట మార్పిడి పరీక్ష పెట్టాలి.

‘ఉప్పు తక్కువగుంది అన్నా’ అన్న పంక్తిని తుడిచి ‘రుచిగ ఎంతో ఉంది అన్నా’ అని రాసి మళ్ళీ పాడించాలి. మాత్రలు అవే, తాళం తప్పదు, కాని తరగతి నవ్వదు. ఎందుకో ఇప్పుడు చెప్పగలుగుతారు: టికెట్టు తిన్న మేక మెచ్చుకుంటే అది తిండిపోతు మేక మాత్రమే, వంక పెడితే మనింట్లో మనిషి అయిపోయింది. పిల్లలు ఈ సంగతిని ఇంత నిండుగా అనకపోవచ్చు. ‘మా తాత కూడా అట్లనే అంటడు సార్’ అంటే అదే పూర్తి జవాబు. ఆపైన ‘జల్దిగ’ చోట ‘వేగమె’ పెట్టి చూడాలి. ఇక్కడా నాలుగు మాత్రలే, అర్థమూ అదే, అయినా పంక్తి చప్పబడిపోతుంది. ‘ఎక్కెను’ అని పద్యంలో లాగా మొదలైన గేయం చివరికి వచ్చేసరికి కోఠి బస్టాపులో మాట్లాడుతోందన్న విషయం, పర్యాయపదాలు ఒకదాని చోట మరొకటి ఎప్పుడూ ఒదగవన్న విషయం, వ్యాకరణం పేరు ఎత్తకుండానే పిల్లలకు చెవి ద్వారా అందుతాయి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు ఈ చోట తెలుగు పిల్లలకు గురువులవుతారు; ‘జల్దీ’ తమ మాట అని వారు చెప్పుకొన్నప్పుడు, అలా తెలుగులోకి వచ్చి స్థిరపడిన మరికొన్ని మాటలను తరగతి మొత్తం పోగు చేయవచ్చు.

ఊహించని ప్రశ్నలు వస్తాయి, రావాలి కూడా. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద మహిళలకూ బాలికలకూ ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది కనుక కండక్టర్ ఇచ్చే జీరో టికెట్టు ఈ పిల్లలకు బాగా తెలుసు. ‘ఆడ మేకైతే జీరో టికెట్టు కదా, అందుకేనా ఉప్పు లేనిది?’ అని ఎవరైనా అడిగితే ఆ రోజుకు పాఠం ముగిసినట్టే. గేయం రాసినవారి ఊహను పిల్ల దాటిపోయింది. ఆ ప్రశ్నను బోర్డు మీద రాసి, దాన్ని గేయంలో రెండు పంక్తులుగా చేర్చమని ఇంటిపనిగా ఇవ్వాలి.

ఆరో మెట్టు: జాతీయాలను అక్షరాలా తీసుకోవడం

నాలుగు, ఐదు తరగతులకు ఇది మంచి వారం పని. కళ్ళలో వత్తులు వేసుకొని చూడడం, ముక్కున వేలేసుకోవడం, చెవిలో జోరీగ, కాలు కాలిన పిల్లి, నోటికి తాళం వేయడం వంటి జాతీయాలను చీటీల మీద రాసి జంటకొకటి ఇవ్వాలి. మొదట జాతీయాన్ని సరైన అర్థంలో ఒక వాక్యంలో వాడాలి. ఆ తరువాత అది అక్షరాలా జరిగితే ఏమవుతుందో బొమ్మ గీయాలి. చివరగా రెండు పంక్తులు కట్టాలి. ఈ క్రమం మార్చకూడదు, ఎందుకంటే అసలు అర్థం స్థిరపడకుండా వికటార్థం దగ్గరికి వెళితే పిల్లలకు గుర్తుండిపోయేది వికటార్థమే. నమూనాగా ఈ ద్విపాదం ఐదేసి మాత్రల నడకలో ఉంది:

కడుపులో ఎలుకలే పరుగులే తీస్తుంటె
పిల్లినే మింగితే సరిపోవునా తాత?

గురులఘువుల పేర్లు, గణాల పట్టికలు హైస్కూలు దాకా ఆగవచ్చు. పొడుగు అక్షరానికి రెండు చిటికెలు, పొట్టి అక్షరానికి ఒకటి అన్నంత వరకు ఇప్పుడు చాలు. ఒత్తు ముందున్న అక్షరం చూడడానికి పొట్టిగా ఉన్నా రెండు చిటికెలు అడుగుతుందని పిల్లలు ‘ఎక్కెను’ అనే మాట పలుకుతూ తామే పట్టుకుంటారు.

ఏడో మెట్టు: తరగతిలో చిన్న అవధానం

పిల్లల చేత హాస్యం రాయించడానికి తెలుగువారికి చేతికందే పనిముట్లు అవధానంలోనే ఉన్నాయి. అష్టావధానంలో పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు అడిగేవారు, వేసే చిక్కుముళ్ళలో కొన్నింటిని ఛందస్సు భారం తీసివేసి ఆటగా మార్చుకోవచ్చు.

సమస్య: అసాధ్యంగా కనిపించే చివరి పంక్తి ఇచ్చి, అది సాధ్యమయ్యేలా ముందు పంక్తులు కట్టమనాలి. ‘చీమ తుమ్మితె చెరువు పొంగెను’ అని ఇస్తే చాలామంది చీమను ఏనుగంత చేయబోతారు. చెరువునే చిన్నది చేయవచ్చని ఒకరికి తడితే దారి దొరుకుతుంది:

ఆకు మీదొక నీటి చుక్కకు
చెరువు అంటూ పేరు పెట్టిన
చీమ తుమ్మితె చెరువు పొంగెను

దత్తపది: ఒకదానితో ఒకటి పొసగని నాలుగు మాటలు ఇచ్చి, అవన్నీ వచ్చేలా పంక్తులు కట్టమనాలి. ఇడ్లీ, లిఫ్టు, తాబేలు, గొడుగు అంటే చాలు. మాటలు దగ్గరి చుట్టాలైతే మామూలు వాక్యం వస్తుంది, దూరపువైతే కథ పుడుతుంది.

నిషిద్ధాక్షరి: ఈ మూడింటిలో తరగతిని ఎక్కువగా కదిలించేది ఇదే. ‘క’ గుణింతంలో ఏ అక్షరమూ పలకకుండా కాకిని వర్ణించమనాలి. ‘నల్లగా’ అన్నంతవరకు బాగానే ఉంటుంది. ‘రెక్కలు’, ‘ముక్కు’ దగ్గర నాలుక్కరుచుకుంటారు, తరగతంతా ఒక్కసారిగా పట్టేస్తుంది. దానితో ‘గాలిలో ఈదే నల్ల పడవ’ వంటి వర్ణనలు తప్పనిసరై పుడతాయి. అప్రస్తుత ప్రసంగం బాధ్యతను ఎప్పుడూ కుదురుగా కూర్చోలేని పిల్లవాడికి అప్పగించాలి. వర్ణన సాగుతుండగా మధ్యలో ‘నిన్న బిర్యానీ తిన్నావా?’ అని అడగడం అతని పని, దానికి కూడా ఆ అక్షరం లేకుండానే జవాబు చెప్పడం రెండో పిల్లవాడి పని. అల్లరికి ఇలా ఒక పదవి దొరికితే మిగతా పీరియడ్లలో కూడా కొంత ప్రశాంతత ఉంటుంది.

రాసినదాన్ని దిద్దేటప్పుడు ముందు అక్షరదోషాల మీదికి ఎర్ర పెన్ను పోనివ్వకూడదు. పైకి చదివించి, తరగతి నవ్వని చోట ‘ఇక్కడ ఏ మాట మారిస్తే బాగుంటుంది?’ అని అడగాలి. అక్షరదోషాలు శుద్ధప్రతి రాసేటప్పుడు దిద్దుకోవచ్చు. అంత్యప్రాస కోసం అర్థం లేని మాట తెచ్చి అతికిస్తే మాత్రం ఒప్పుకోకూడదు. హాస్యగేయంలో అసంగతం ఉండవచ్చు, అశ్రద్ధ ఉండకూడదు.

ఎదురయ్యే ఇబ్బందులు

తెలుగు కొత్తగా నేర్చుకొనే పిల్లలు నవ్వలేకపోవడం మొదటి ఇబ్బంది. 2018 చట్టం తెలంగాణలోని అన్ని బోర్డుల పాఠశాలల్లో ఒకటి నుంచి పదో తరగతి దాకా తెలుగును తప్పనిసరి చేసింది కనుక ఇలాంటి పిల్లలు నగరంలో దాదాపు ప్రతి ప్రైవేటు బడిలో ఉంటారు. వారికి గేయాన్ని అనువదించి చెబితే నవ్వు చచ్చిపోతుంది. నటన ముందు, మాటలు తరువాత ఉండాలి: ఇద్దరు పిల్లలు మేక, కండక్టర్ అయి మూకాభినయం చేస్తే అర్థం అందుతుంది, ఆపైన గేయం వింటే మాటలు వాటి చోట్లలో అవే కూర్చుంటాయి.

గోల రెండోది. పక్క తరగతివారు తలుపు దగ్గరికి వచ్చి చూడడం ఖాయం కాబట్టి ముందే చెప్పి ఉంచడం, మధ్యాహ్న భోజనం తరువాతి పీరియడ్ ఎంచుకోవడం మేలు. చేయి ఎత్తగానే తాళం ఆగాలి, ఎత్తిన చేయి దించేదాకా గుసగుసగా పాడాలి అన్న నియమాన్ని ఆటలో భాగంగానే పెట్టుకుంటే కేకలు వేయనవసరం ఉండదు.

ఒక పిల్లవాడు మరొకరిని ఎత్తిపొడుస్తూ పంక్తులు కడితే అక్కడికక్కడ ఆపాలి, కాని అందరి ముందు మందలించకూడదు. ‘ఇందులో మనిషి పేరు తీసి జంతువు పేరు పెట్టు, అప్పుడు కూడా నవ్వొస్తే ఉంచుదాం’ అనాలి. చాలాసార్లు నవ్వు రాదు, ఎందుకు రాలేదో రాసినవాడికే అర్థమవుతుంది.

మూల్యాంకనం, వేదిక

హాస్యగేయాన్ని కంఠస్థం చేయించి మార్కులు వేయడం మొదలుపెడితే మరుసటి గేయానికి ఎవరూ నవ్వరు. దాని బదులు, ప్రతి పిల్లవాడి గురించి నెలకొకసారి చిన్న నమోదు రాసుకోవాలి: నవ్వు పుట్టిన మాటను చూపించగలిగాడా, కారణం సొంత మాటల్లో చెప్పాడా, ఒక మాట మార్చి పంక్తిని మెరుగుపరిచాడా, తాళం తప్పినప్పుడు తానే గుర్తించాడా. ఈ నాలుగింటికీ రాతపరీక్ష అక్కరలేదు.

ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం, సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవం, నవంబరు 14 బాలల దినోత్సవం ప్రదర్శనకు అనువైన రోజులు. వేదిక మీద బృందగానంలా అందరూ ఒక్కసారే చెప్పడం కన్నా పంక్తికొకరు అందుకోవడం వల్ల మాట స్పష్టంగా వినిపిస్తుంది. మైకు ఉంటే విరామాలు ఇంకాస్త పెంచాలి. పెద్ద హాలులో నవ్వు వెనక వరసల దాకా వెళ్ళి రావడానికి సమయం పడుతుంది.

ఇతరుల గేయాలు వాడేటప్పుడు 1957 కాపీరైటు చట్టాన్ని గుర్తుంచుకోవాలి. రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళ దాకా హక్కులు ఉంటాయి. అయితే బోధనలో భాగంగా ఉపాధ్యాయుడు గేయాన్ని బోర్డు మీద రాయడానికీ ప్రతులు తీసి ఇవ్వడానికీ, విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు మాత్రమే ప్రేక్షకులుగా ఉన్న బడి కార్యక్రమంలో ప్రదర్శించడానికీ 52వ సెక్షన్ వీలు కల్పిస్తుంది. అదే ప్రదర్శనను వీడియో తీసి యూట్యూబులో పెట్టడం ఈ వెసులుబాటులోకి రాదు కనుక అనుమతి అవసరం. పిల్లలు సొంతంగా రాసిన గేయాలకు హక్కుదారులు ఆ పిల్లలే. బడి లిఖిత పత్రికలో వారి పేరుతో వేయాలి. వాట్సాప్ గ్రూపు దాటి బయటి పత్రికకు పంపాలనుకుంటే పిల్లవాణ్ణీ, ఇంట్లోవారినీ ముందుగా అడగాలి, వద్దంటే ఆ పేజీని తరగతి గోడకే ఉంచాలి.